72 డిగ్రీలు

నా ఇంటర్న్‌షిప్ రిపోర్టులో "ఎదురైన సవాళ్ళు" అని ఒక పేజీ ఉంది. అందులో నేను రాసిన వాక్యం ఇది: "వైర్‌లెస్ అనుసంధానంలో తలెత్తిన అంతరాయాల వలన వ్యవస్థను వైర్డ్ పద్ధతికి మార్చడం జరిగింది." గైడ్ సార్ దాని పక్కన టిక్కు పెట్టారు. వైవాలో ఎవరూ దాని గురించి అడగలేదు. ఈ సంచికకి ఏదో ఒకటి రాయమని క్లబ్బు వాళ్ళు వెంటపడినప్పుడు, కవిత రాసే శక్తి లేదు కాబట్టి, ఆ ఒక్క వాక్యాన్నీ విప్పి రాద్దామనిపించింది. "జరిగింది" అన్నాను కదా, ఎవరి వల్ల జరిగిందో అందులో లేదు.

మండపేట వైపు మా మావయ్య స్నేహితుడికి ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. మన ఇళ్ళల్లో వండుకునేది పచ్చి బియ్యం గానీ, గోదావరి జిల్లాల్లో ఉప్పుడు బియ్యం ఆడే మిల్లులు చాలా ఉన్నాయి. బొండాల రకం ధాన్యం ఉప్పుడు బియ్యమై లారీలెక్కి కేరళ వెళ్ళిపోతుంది. థర్డ్ ఇయర్ అయ్యాక ఎండాకాలం సెలవుల్లో అక్కడ ఆరు వారాలు ఇంటర్న్‌షిప్ కుదిరింది. కుదిరింది అంటే మావయ్య ఫోన్ చేశాడు, ఆయన సరే అన్నారు.

"ఏరా అబ్బాయ్, సెన్సార్లవీ పెడతావంట కదా. మా డ్రైయర్లకి పెట్టు. రాత్రుళ్ళు ఎవడు నిద్రపోతున్నాడో, ఎవడు మేలుకున్నాడో నాకు ఇంటి దగ్గర ఫోన్లో కనబడాలి" అన్నారు షావుకారు గారు మొదటి రోజే. నాకు ఆ మాటలో రెండో సగం అప్పుడు వినబడలేదు. ఫోన్లో కనబడాలి అన్నది మాత్రం బాగా వినబడింది.

మిల్లు పని కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ధాన్యాన్ని వేడినీళ్ళ ట్యాంకుల్లో గంటల తరబడి నానబెట్టి, ఆవిరి పట్టిస్తారు. అప్పటికి గింజలో తేమ 35 శాతం దాకా ఉంటుంది. మర పట్టాలంటే అది 14కి రావాలి. ఆ ఆరబెట్టే పని డ్రైయర్‌ది. రెండంతస్తుల ఎత్తు ఇనప పెట్టె, పైనుంచి ధాన్యం మెల్లగా దిగుతుంటుంది, పక్కనుంచి వేడిగాలి కొడుతుంటుంది. దీన్ని ఎల్‌ఎస్‌యూ డ్రైయర్ అంటారు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ నమూనా. మిల్లులో మాత్రం అందరూ "ఎల్లెస్సీ" అంటారు. నేను మొదటి వారం ఎల్‌ఐసీ ఏజెంటు ఎవరో వస్తున్నారనుకున్నాను.

ఒక్క దఫాలో ఆరబెట్టకూడదు. మొదటి విడతలో గాలి ఎంత వేడిగా ఉన్నా గింజ తట్టుకుంటుంది. తేమ 16, 18 శాతం మధ్యకి వచ్చాక ఆపేసి, కొన్ని గంటలు గింజని ఊరికే ఉంచాలి. లోపలి తేమ పైకి వచ్చి సర్దుకుంటుంది. తర్వాత రెండో విడత, తక్కువ వేడితో. ఇక్కడ తొందరపడితే గింజకి లోపల బీటలు పడతాయి. బయటికి ఏమీ కనబడదు. మరలో పడ్డాక నూకగా బయటపడుతుంది. నిండు బియ్యానికీ నూకకీ ధరలో తేడా ఎంతో మీ ఇంట్లో అమ్మనడిగినా చెబుతుంది.

డ్రైయర్ చూసేది బాబాయి. పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు, షావుకారు గారు తప్ప అందరూ "డ్రైయర్ బాబాయి" అనేవాళ్ళు. గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో నలిపి ఊది, ఒక గింజ పంటి కింద కొరికి, "పదిహేడుంది, ఇంకో అరగంట" అనేవాడు. ఆఫీసులో ఉన్న తేమ మీటరుతో నేను చాటుగా సరిచూశాను. నాలుగుసార్లలో మూడుసార్లు అర శాతం తేడాలో ఉన్నాడు. నాలుగోసారి మీటరులో బ్యాటరీ అయిపోయింది.

వేడిగాలి గొట్టం మీద పాత డయల్ థర్మామీటర్ ఒకటి ఉండేది. అద్దం పగిలిపోయి, ముల్లు మాత్రం తిరిగేది. రెండో విడతలో అది 75 దాటకుండా బాబాయి ఆవిరి వాల్వుని చేత్తో తిప్పుతూ ఉండేవాడు. ఇంకో డ్రైయర్ దగ్గర ఉండటానికి ఒక కుర్రాడు, నా వయసు వాడే, హెల్పరుగా ఉండేవాడు.

ఇక నా పని. మొత్తం 12 సెన్సార్లు లెక్క తేలాయి. ఒక్కో డ్రైయర్‌కి మూడు, నానబెట్టే ట్యాంకులకి రెండు, ఎలివేటర్ల బేరింగులకి నాలుగు. అన్నీ పీటీ100లే, అంటే సున్నా డిగ్రీల దగ్గర సరిగ్గా 100 ఓములు చూపించే ప్లాటినం తీగ. సెన్సారు ఎంచుకోవడం అరగంట పని. ఆ 12 చోట్ల నుంచి అంకెల్ని 60 మీటర్ల దూరంలో ఉన్న ఆఫీసు గదికి ఎలా తేవాలన్నదే అసలు ప్రశ్న. దానికి నేను ఒక టేబుల్ గీశాను. నాలుగు పద్ధతులు అడ్డంగా, ఖర్చు, దూరం, వేగం, బిగించడానికి పట్టే రోజులు నిలువుగా.

మొదటిది 4-20 మిల్లీ ఆంపియర్ల పద్ధతి. సెకండ్ ఇయర్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చదివి మర్చిపోయిందే. ఒక్కో సెన్సారుకి ఒక్కో జత తీగ. కొలతలో అడుగు విలువకి 4, పై విలువకి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు వస్తుంది. పన్నెండు జతల తీగ ఆఫీసు దాకా లాగాలి. టేబుల్లో దీనికి తక్కువ మార్కులు.

రెండోది ఆర్‌ఎస్-485 మీద మోడ్‌బస్. మోడ్‌బస్ 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల కోసం తయారుచేసింది, ఆర్‌ఎస్-485 ప్రమాణం 1983లో వచ్చింది. మా నాన్న పలక పట్టుకుని బడికెళ్ళిన కాలం. మెలివేసిన ఒకే జత తీగ అన్ని సెన్సార్ల దగ్గరకీ వరసగా వెళుతుంది, 1200 మీటర్ల దాకా పనిచేస్తుంది. నెమ్మది. ముసలిది. ప్రాజెక్టు రివ్యూలో చెబితే ఎవడూ చప్పట్లు కొట్టడు. (ఈ చివరిది టేబుల్లో రాయలేదు గానీ మార్కులు వేసింది అదే.)

మూడోది లోరా రేడియో. మన దేశంలో 865-868 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, దూరం బాగా వెళుతుంది. నాలుగోది వైఫై. ఇఎస్‌పి32 బోర్డు కొన్ని వందల రూపాయలు, కోడ్ నాకు కంఠతా వచ్చు, డాష్‌బోర్డు రెండు రోజుల్లో అయిపోతుంది, ఫోన్లో అందంగా రంగుల గడియారాలు తిరుగుతాయి.

"వైరెంతవుద్ది, వైరు లేకపోతే ఎంతవుద్ది?" అన్నారు షావుకారు గారు. చెప్పాను. ఆయన వైఫై అన్నారు. నేనూ అదే అనాలని ముందే అనుకుని టేబుల్ గీశానని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మిల్లులో మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్ మేస్త్రీ ఒకాయన ఉండేవారు. నా బోర్డులు చూసి, "ఇది మాట్టాడకపోతే మనకెలా తెలుత్తాదండీ?" అని అడిగారు. రౌటర్ మంచి కంపెనీది, సిగ్నల్ ఫుల్లుగా ఉంది అని చెప్పాను. అడిగిందొకటి, చెప్పిందొకటి. ఆయన రెట్టించలేదు.

నాలుగు రోజుల్లో బిగించేశాను. వేడిగాలి గొట్టానికి ఉన్నది ఒకటే కన్నం, డయల్ థర్మామీటర్ ఉన్న కన్నం. కొత్తది తొలవాలంటే డ్రైయర్ ఆపి వెల్డరుని పిలవాలి. అందుకని పాత థర్మామీటర్ విప్పేసి, అదే కన్నంలో నా పీటీ100 దించాను. రెండు డ్రైయర్లకీ. విప్పినవి గుడ్డలో చుట్టి స్టోరు గదిలో పడేశాను. డ్రైయర్ల మధ్య గోడకి ఒక పాత టీవీ తగిలించి, అందులో పెద్ద పెద్ద అంకెలతో వేడి కనబడేలా చేశాను. షావుకారు గారు మురిసిపోయి ఎదురుగా ఉన్న మిల్లాయన్ని పిలిచి చూపించారు. మర్నాడు హెల్పరు కుర్రాణ్ణి డ్రైయర్ల దగ్గర్నుంచి తీసేసి బస్తాల పనికి వేశారు. "తెరలో రెండూ కనబడతన్నాయి కదా, ఇద్దరెందుకు?" అన్నారు. నాకు గర్వంగానే అనిపించింది. ఆటోమేషన్ అంటే ఇదే కదా అనుకున్నాను.

నేను పరీక్షించిన రోజుల్లో మిల్లు చప్టా ఖాళీగా ఉంది. తర్వాత వారం దాళ్వా ధాన్యం పోటెత్తింది. ట్రాక్టర్లు రోడ్డు మీద వరస కట్టాయి. రౌటర్ ఉన్న ఆఫీసు గదికీ రెండో డ్రైయర్‌కీ మధ్య ఖాళీ స్థలంలో బస్తాలు నెట్టు కట్టారు, నా తల మీద ఇంకో మనిషి ఎత్తున. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకి నీళ్ళంటే పడదు, మింగేస్తాయి. ధాన్యంలో తేమ 17 శాతమే అనుకున్నా 75 కిలోల బస్తాలో పన్నెండు కిలోలకు పైగా నీళ్ళే. అంటే నా సిగ్నల్‌కి అడ్డంగా వాళ్ళు ఒక చెరువుని నిలబెట్టారు. పైన రేకుల షెడ్డు, పక్కన ఇనప డ్రైయర్లు, తిరిగే మోటార్లు సరేసరి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. కాదు, చదువుకున్నదే, తర్వాత గుర్తొచ్చింది.

ఆ రాత్రి 11 గంటల 40 నిమిషాలకి రెండో డ్రైయర్ బోర్డు నెట్‌వర్క్ నుంచి జారిపోయింది. తెర మీద 72 డిగ్రీలు ఉంది. అలాగే ఉండిపోయింది.

ఎందుకు ఉండిపోయిందో చెప్పాలి. నేను వాడింది ఎంక్యూటీటీ. 1999లో ఆయిల్ పైపులైన్ల మీద సెన్సార్లని శాటిలైట్ ద్వారా చదవడానికి పుట్టిన ప్రొటోకాల్. సెన్సారు తన అంకెని మధ్యలో ఉన్న బ్రోకర్‌కి ఇస్తుంది, కావలసిన వాళ్ళు బ్రోకర్ దగ్గర తీసుకుంటారు. అందులో "రిటెయిన్" అని ఒక ఏర్పాటుంది, చివరి అంకెని బ్రోకర్ దాచి ఉంచుతుంది. తెర మళ్ళీ ఆన్ చేసినప్పుడు ఖాళీగా కనబడకూడదని నేను అది పెట్టాను. చూడ్డానికి బాగుంటుందని. అదే ప్రొటోకాల్లో "లాస్ట్ విల్" అని ఇంకోటి ఉంది, అచ్చంగా వీలునామా. నేను చెప్పాపెట్టకుండా పోతే నా తరఫున ఈ మాట అందరికీ చెప్పు అని సెన్సారు ముందే బ్రోకర్‌కి రాసిస్తుంది. దాన్ని రాయడానికి కోడ్‌లో ఒక్క లైను చాలు. నేను రాయలేదు. నా సెన్సారు వీలునామా లేకుండా పోయింది, ఫోటో మాత్రం గోడ మీద నవ్వుతూ ఉంది.

పన్నెండున్నరకి మొదటి డ్రైయర్‌లో పని అయిపోయి బాబాయి దాని వాల్వు కట్టేశాడు. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరంతా రెండోదానికి మళ్ళింది. మామూలుగా అయితే అప్పుడు డయల్ చూసి రెండో వాల్వు కూడా తగ్గించేవాడు. డయల్ లేదు. హెల్పరు లేడు. మొదటి డ్రైయర్ ధాన్యం దింపించే హడావుడిలో తలెత్తి తెర చూశాడు. 72. మళ్ళీ చూశాడు. 72. "ఎంత చక్కగా నిలబడిందో అనుకున్నానండి" అన్నాడు తర్వాత నాతో. ఎప్పుడూ అంకె అంత నిలకడగా ఉండదని అనుమానం రావలసింది నాకు, ఆయనకి కాదు. నేను మావయ్య వాళ్ళింట్లో మేడ మీద నిద్రపోతున్నాను. రెండు దాటాక వెళ్ళి గింజ కొరికేసరికి అది పలుకులా విరిగిందట.

రెండు రోజుల తర్వాత ఆ ధాన్యం మర పట్టారు. నూక తట్టలకొద్దీ వచ్చింది. షావుకారు గారు నూక గుప్పిట్లోకి తీసుకుని బాబాయి ముఖం మీదే జల్లినంత పని చేశారు. పదిహేను వందలు జీతంలో కోత అని గుమస్తాకి చెప్పారు. బాబాయి ఏమీ అనలేదు. నా వైపు చూడనైనా లేదు. చూసి ఉంటే కొంచెం తేలికయ్యేది.

ఆ మధ్యాహ్నమే నేను లాగ్ ఫైల్ తెరిచాను. రెండో డ్రైయర్‌కి 11:40 తర్వాత, ఉదయం ఆరున్నర దాకా ఒక్క లైను లేదు. ఆరున్నరకి హమాలీలు నెట్టు తీయడం మొదలుపెట్టగానే బోర్డు మళ్ళీ కలిసింది. అంతా అద్దంలా కనబడుతోంది. నేను లాప్‌టాప్ మూసేశాను.

ఎందుకు మూశానో అందంగా చెప్పలేను. సర్టిఫికెట్ మీద ఆయన సంతకం కావాలి. మావయ్య పరువు. ఎదుటి మిల్లాయన్ని పిలిచి చూపించిన సంగతి. "నెట్‌వర్క్ ఇష్యూ" అంటే సరిపోతుందేమో అని కూడా అనుకున్నాను, ఎవరూ చేయని తప్పుకి మన బ్రాంచిలో పెట్టుకున్న పేరది. రెండు రోజులు బాబాయి ఎదురుపడకుండా తిరిగాను. మిల్లులో అది కష్టం, టీ కొట్టు ఒకటే.

మూడో రోజు మేస్త్రీ గారి దగ్గర బయటపడ్డాను. లాగ్ చూపించాను. ఆయనకి ఆ అంకెలు అక్కర్లేకపోయాయి. "ఆ రోజు అడిగాను కదండీ, మాట్టాడకపోతే ఎలా తెలుత్తాదని" అన్నారు. అంతే అన్నారు.

ఇద్దరం కలిసి ఆఫీసులోకి వెళ్ళాం. నేను చెప్పాను. షావుకారు గారు అరుస్తారనుకున్నాను, అరవలేదు. "నువ్వు కుర్రాడివి, నేర్చుకోడానికొచ్చావ్. నీకేం కోస్తాను? తెర చూడమన్నంత మాత్రాన వాణ్ణి కళ్ళు మూసుకోమన్నానా?" అన్నారు. నాకు మర్యాద, ఆయనకి కోత. ఆ మర్యాద అరుపుకంటే ఎక్కువ కాలింది. థర్మామీటర్ విప్పేసింది నేనే అని, చూడ్డానికి ఆయనకి ఇంకేమీ మిగల్లేదని మళ్ళీ చెప్పాను. మేస్త్రీ గారు కూడా రెండు మాటలన్నారు. చివరికి కోత సగానికి తగ్గింది. మిగతా సగం తగ్గలేదు. దాన్ని నేను ఇస్తానని బాబాయి దగ్గరకి వెళితే, "మీ డబ్బులెందుకు బాబూ, ఆ తరమామీటరు మళ్ళీ పెట్టెయ్యండి చాలు" అన్నాడు.

ఆ రాత్రి నా టేబుల్ ముందేసుకుని కూర్చున్నాను. ఖర్చు, దూరం, వేగం, రోజులు. పక్కన ఇంకో నిలువు గీత గీసి, పైన "తెగితే ఏం చూపిస్తుంది?" అని రాశాను. ఆ ఒక్క గడితో మార్కులన్నీ తలకిందులయ్యాయి.

4-20ని మొదట ఆలోచించిన వాళ్ళకి నమస్కారం పెట్టాలనిపించింది. సున్నా నుంచి కాకుండా 4 నుంచి ఎందుకు మొదలవుతుందని మాకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వచ్చేది. "లైవ్ జీరో" అని రాసి మార్కులు తీసుకున్నాం. దాని అర్థం ఇది. కొలత అట్టడుగున ఉన్నా 4 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తూనే ఉంటాయి. నిజంగా సున్నా వచ్చిందంటే తీగ తెగినట్టే. 3.6 కంటే తగ్గినా, 21 దాటినా అది కొలత కాదు, లోపమని చెప్పడానికి నామూర్ వాళ్ళ ఎన్‌ఈ43 అనే సిఫార్సు కూడా ఉంది. అంటే తెగిన తీగ కూడా ఒక మాట చెబుతుంది. చచ్చినా అబద్ధం చెప్పదు.

మోడ్‌బస్ అయితే మన క్లాసులో హాజరు లాంటిది. మాస్టరు ఒక్కొక్కరినీ నంబరుతో పిలుస్తుంది. "మూడో నంబర్, ఎంత?" మూడో నంబర్ జవాబు చెప్పాలి, మధ్యలో ఇంకెవరూ నోరెత్తకూడదు. ఒప్పుకున్న సమయంలో జవాబు రాకపోతే ఆబ్సెంట్. చెప్పిన జవాబు దారిలో చెడిపోతే చివర ఉన్న సీఆర్‌సీ లెక్క కుదరదు, పారేస్తుంది. వైఫైలోనూ ఇవన్నీ చేసుకోవచ్చు, అది నిజం. వీలునామా రాయొచ్చు, అంకెకి టైము జోడించొచ్చు. వైఫై చెడ్డదని నేననను. కానీ అప్పుడు కూడా బస్తాల నెట్టు అక్కడే ఉంటుంది, దాళ్వాకోసారి సార్వాకోసారి. రాత్రంతా "సమాచారం లేదు" అని నిజాయితీగా చెప్పే తెర వల్ల బాబాయికి ఏం లాభం?

పన్నెండు జతల 4-20కి డబ్బులివ్వడానికి ఆయన ఒప్పుకోరు. అందుకని డ్రైయర్లకీ ట్యాంకులకీ కలిపి ఎనిమిది సెన్సార్లని ఆర్‌ఎస్-485 మీద పెట్టాం. వైరు డబ్బులకి షావుకారు గారిని ఒప్పించింది మేస్త్రీ గారే. నూక బస్తాలు చూపించి, "ఇందులో రెండు బత్తాల ఖరీదు కాదండీ వైరు" అన్నారు. నా టేబుల్ కంటే అది బాగా పనిచేసింది.

బిగించడంలో నా పుస్తకం ఎన్నిసార్లు తప్పిందో రాస్తే సంచిక సరిపోదు. మొదట ఒక్కో సెన్సారుకీ విడిగా కొమ్మ లాగి చెట్టులా చేశాను, సగం పలకలేదు. దండలో పూసల్లా ఒకదాని నుంచి ఒకటి వెళ్ళాలి, రెండు కొసల్లో 120 ఓముల రెసిస్టర్లు ఉండాలి, మధ్యలో ఉండకూడదు. ఒక పూట అంతా ఒక్క ట్రాన్స్‌మిటరు పలకలేదు. దాని మీద ఎ, బి అని రాసిన గుర్తులు మిగతావాటికి తిరగేసి ఉన్నాయి. ఒక కంపెనీ ఎ అన్నది ఇంకో కంపెనీకి బి అట. రెండు తీగలూ మార్చగానే పలికింది. బ్లోయర్ మోటారు డ్రైవ్ ఆన్ చేసినప్పుడల్లా తప్పుడు అంకెలు వచ్చేవి. మేస్త్రీ గారు వచ్చి, నేను సులువని మోటారు కేబుల్ పక్కనే కట్టిన నా తీగని విప్పి ఎదుటి గోడ మీదుగా తిప్పారు. "దాటాల్సి వత్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపించొద్దు" అన్నారు. తీగ మీదున్న షీల్డుని ఒక కొసలోనే ఎర్త్ చేయించారు. ఇవన్నీ నేను తర్వాత ఒక అప్లికేషన్ నోట్‌లో చదివాను, దాదాపు అదే వరసలో.

ఎలివేటర్ బేరింగులు నాలుగూ వైఫై మీదే ఉంచాను. అవి అంత ఎత్తున ఉన్నాయి, బోర్డులకి బస్తాలు అడ్డం రావు, బేరింగు వేడెక్కడం గంటల్లో తెలిసే విషయం. వాటికి వీలునామా రాశాను. అరవై సెకన్లు కొత్త అంకె రాకపోతే తెర మీద అంకె పోయి గీతలు వస్తాయి.

వెల్డరుని పిలిపించి కొత్త కన్నాలు తొలిపించాం. డయల్ థర్మామీటర్లు గుడ్డలోంచి తీసి మళ్ళీ బిగించాను. ఒకదానికి కొత్త అద్దం కూడా వేయించాను, బాబాయి పెద్దగా పట్టించుకోలేదు.

చివర్లో బాబాయిని పిలిచి, ఏ తీగైనా పీకి చూడమన్నాను. మూడో నంబరు పీకాడు. రెండు సెకన్లలో అంకె పోయి ఎర్రగా గీతలు వచ్చాయి. ఆయన కాసేపు చూసి, "ఈ టీవీయే బిగుసుకుపోతేనో?" అన్నాడు. ఈసారి వేరే జవాబు చెప్పకుండా నోరు మూసుకున్నాను. ఎందుకంటే నిజమే, కంప్యూటర్ హ్యాంగ్ అయితే మళ్ళీ 72 నవ్వుతూ నిలబడిపోతుంది.

దానికి ఉపాయం మేస్త్రీ గారిది. ఒక్కో డ్రైయర్ దగ్గర ఒక పచ్చ బల్బు. ప్రమాదం వస్తే వెలిగే ఎర్ర బల్బు కాదు. అంతా బాగుంటేనే వెలిగే పచ్చ బల్బు. ప్రోగ్రాము ప్రతి సెకనూ రిలేని తట్టి లేపుతూ ఉండాలి, తట్టడం మానేస్తే రిలే పడిపోతుంది, బల్బు ఆరిపోతుంది. సెన్సారు పోయినా, తీగ తెగినా, కంప్యూటర్ బిగుసుకున్నా, కరెంటు పోయినా ఫలితం ఒకటే. చీకటి. చీకటి పడితే బాబాయి లేచి డయల్ దగ్గరకి వెళతాడు. ఆరు వారాల్లో నేను చేసినవాటిలో ఇది అన్నిటికంటే చవక. రిపోర్టులో దీనికి మూడు లైన్లు కూడా రాలేదు.

సంక్రాంతికి మావయ్య వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు మిల్లుకి వెళ్ళాను. హెల్పరు కుర్రాడు అక్కడ లేడు. బస్తాల పని నడుం పట్టేసిందని మానేసి, రాజమండ్రిలో ఏదో గోడౌన్లో చేరాడట. అతన్ని మళ్ళీ డ్రైయర్ దగ్గరికి తీసుకోమని నేను ఆ రోజు ఆఫీసులో అడగలేదు. కోత గురించి అడిగాను గానీ అది అడగాలని తట్టలేదు.

బాబాయి డ్రైయర్ దగ్గరే ఉన్నాడు. బల్బు వెలుగుతోంది.

"ఎలా ఉంది బాబాయ్, ఎప్పుడైనా ఆరిందా?"

"మూడుసార్లు ఆరిందండి. ఒకసారి వైరు ఎలక కొరికేసింది. మేస్త్రీ అక్కడ ఇనప గొట్టం ఏశాడు. ఇంకోసారి మీ కంప్యూటరు బిగుసుకుపోయింది, గుమత్తా గారు ఆపి ఏశారు."

"మూడోసారి?"

"బల్బే మాడిపోయిందండి" అని, గింజ ఒకటి నోట్లో వేసుకున్నాడు.